మా నాయన మొక్కుబడి, మా చిన్నాయన కూడిక

కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజుల్లో మనిషికి తన మాట మీద తనకు మహా నమ్మకం ఉంటుంది. కాగితం మీద సంతకం పెడితే ఎక్కడో ఒక పని కదులుతుందని, ఫోన్లో గంభీరంగా నాలుగు మాటలు చెబితే అవతలివాళ్లు చెప్పింది చెప్పినట్టు చేస్తారని అనుకుంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. డిగ్రీ అయ్యాక నాలుగేళ్లు పోటీ పరీక్షలకు చదివాను (చదివింది ఎక్కువగా నవలలే, పరీక్షలకు వెళ్లిరావడం మాత్రం నిజం). ఏ ఉద్యోగమూ రాలేదు. చివరికి మా నాయన పోవడం వల్ల వచ్చిన ఉద్యోగంలో చేరాను. ఆయన ఆత్మకూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో అటెండరు. సర్వీసులో ఉండగానే గుండె ఆగి పోయాడు. ఆ తర్వాత ఎనిమిదో నెలలో, ఆయన ఏ బల్లల మధ్య ఫైళ్లు మోశాడో ఆ బల్లల్లోనే ఒకదాని వెనక నాకు జూనియర్ అసిస్టెంటుగా కుర్చీ వేశారు. మొదటి వారం నేను బెల్లు కొట్టలేకపోయాను. కొడితే ఆయనే వస్తాడేమో అనిపించేది. ఏదైనా కావాలంటే నేనే లేచి వెళ్లి తెచ్చుకునేవాణ్ణి. వినయం గల కుర్రాడని పై ఆఫీసరు మెచ్చుకున్నాడు.

ఆ ఉద్యోగం వెనక ఒక మొక్కుబడి ఉంది. నేను పరీక్షల్లో వరసగా తప్పుతున్న కాలంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ప్రార్థన అయ్యాక నాయన అన్నాడు: "వీడికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందంటే, మొదటి జీతంతో మన ఊరి చర్చి సంఘానికంతటికీ అన్నం పెడతా. నా మొక్కు ఇది." విన్నది ముగ్గురం. నేను, అమ్మ, ఆ రోజు ఊరినుంచి వచ్చివున్న మా చిన్నాయన. అమ్మ "ఆమెన్" అంది. చిన్నాయన "ఆమెన్" అన్నాడు. నేను ఏమీ అనలేదు. నా చేతిలో ఒక నవల ఉంది, అందులో వేలు పెట్టి పేజీ పట్టుకుని ఉన్నాను. ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది. అది ఏ దారిన వచ్చిందో ఆలోచించడం మానేశాను. మొక్కు మాత్రం మిగిలింది. మా నాయన జీవితంలో ఎవరికైనా మాటిచ్చి తప్పినట్టు నాకు తెలియదు. ఆయన తరఫున ఆ ఒక్క మాట నేను నిలబెట్టాలి, ఆయన పేరు చెప్పి ఆ ఊరివాళ్లు అన్నం తినాలి. ఆ నెలల్లో నాకున్న కోరిక అదొక్కటే.

ఊరు ఉదయగిరి కొండకు దగ్గర్లో. అక్కడ మావాళ్లలో మిగిలింది చిన్నాయన కుటుంబమే. ఆయన షామియానాలు, వంటపాత్రలు, మైకు సెట్టు అద్దెకిచ్చే వ్యాపారం చేస్తాడు. చుట్టుపక్కల పెళ్లయినా, భూస్థాపనయినా, క్రిస్మస్ అయినా మైకు ఆయనదే. అందుకని ఊరంతా ఆయన్ని మైకు చిన్నాయన అంటారు, ఆయనకంటే పెద్దవాళ్లు కూడా. మైకు అద్దెకిస్తాడుగానీ ఎవరి చేతికీ ఇవ్వడని ప్రతీతి. పాస్టరుగారికైనా దాన్ని ఆయన నోటి దగ్గర పట్టుకుని నిలబడతాడు. పట్టు సడలిస్తే తీగ తెగుతుందని ఆయన వాదన.

మొదటి జీతం పడిన రోజున ఆయనకు ఫోన్ చేశాను. వచ్చే ఆదివారం విందు పెడదామని, ఆ రోజు ఆఫీసులో ఆడిటు పని ఉంది, నేను రావడానికి వీల్లేదని చెప్పి, "చిన్నాయనా, నాయన మొక్కు తీర్చాల. జీతం మొత్తం నీకు పంపిస్తా. నువ్వే జరిపించు" అన్నాను.

"నువ్వు జెప్పాల్నా అబ్బోడా. మా అన్న మాట నా మాట గాదా. పంపీ."

"నాయన పేరు చెప్పించు. అందరికీ తెలవాల."

"చెప్పకుండా ఎట్టుంటాం రా. నువ్వు పంపీ ముందు."

అక్కడితో ఫోన్ పెట్టేసి ఉంటే బాగుండేది. నాకు నా ఔదార్యం చాల్లేదు. "ఖర్చు వివరాలేమీ నాకు చెప్పొద్దు చిన్నాయనా. ఇది నీకు ఇస్తన్నట్టే అనుకో. ఎట్ట జరిపించినా నీ ఇష్టం" అన్నాను. అవతల చిన్నాయన "నా ఇష్టమేనంటావా?" అని ఇంకోసారి అడిగి ఖాయం చేసుకున్నాడు. ఆ అడగడాన్ని నేను గౌరవం అనుకున్నాను.

పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న అమ్మ తలెత్తి చూసింది. "ఎట్ట జరిపించినా నీ ఇష్టమంటివా?"

"మన మనిషే గదమ్మా."

"మన మనిషే. అందుకే అడగతన్నా." మళ్లీ చిక్కుడుకాయల్లోకి చూసుకుంది. "నువ్వు పుస్తకాల్లో మనిషివి. మీ చిన్నాయన మనుషుల్లో మనిషి. ఏమోలే."

శనివారం సాయంత్రం ఆడిటు వాయిదా పడింది. అమ్మ మోకాళ్ల నొప్పులతో రానంది. "ఆ మైకు ఇంటే నాకు మోకాళ్ల నొప్పి తలకెక్కుద్ది" అని కూడా అంది. చెప్పకుండా వెళ్లి చిన్నాయనను సంతోషపెడదామని మర్నాడు పొద్దున్నే కొత్త చొక్కా వేసుకుని నేనొక్కణ్ణే బయలుదేరాను. దుత్తలూరులో బస్సు మారాను. రెండో బస్సు ఎంతకీ రాలేదు. వచ్చాక ఒక గొర్రెలమందకు దారిచ్చి, ఒక పెళ్లి వ్యానుకు దారిచ్చి, ఊరి అడ్డరోడ్డు దగ్గర నన్ను దించేసరికి పన్నెండు దాటింది. అక్కడినుంచే మైకు వినబడుతోంది. మాటలు తెలియడం లేదుగానీ గొంతు చిన్నాయనదే. ఆ గొంతు, దూరం నుంచి వింటే, మా నాయనది. అన్నదమ్ములకు గొంతులు కలుస్తాయి కదా. నేను కాసేపు రోడ్డు పక్కనే నిలబడి విని, తర్వాత నడిచాను.

చర్చి ముందు షామియానా. షామియానా ముందు ఒక ఫ్లెక్సీ. మనిషికి రెండింతలు ఎత్తున చిన్నాయన తెల్లచొక్కాతో చేతులు జోడించి నవ్వుతున్నాడు. పక్కన చిన్నమ్మ, ఆవిడ మాత్రం నవ్వడం లేదు. వాళ్ల తలల మీద "కృతజ్ఞతా కూడిక, ప్రేమవిందు" అని, కాళ్ల దగ్గర "అందరూ ఆహ్వానితులే" అని ఉంది. నేను ఫ్లెక్సీ నాలుగు మూలలూ చూశాను. ఇలాంటి వాటిల్లో పై మూలల్లో చిన్న చిన్న గుండ్రాల్లో కొందరి మొహాలు వేస్తారు కదా, అక్కడైనా నాయన ఉంటాడని. అక్కడ రెండు పావురాలు ఉన్నాయి.

వెనక వరసలో ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. పక్కన తలపాగా చుట్టిన ఒక పెద్దాయన. మా చిన్నమ్మ తరఫు చుట్టమని, సీతారామపురం నుంచి విందుకోసం వచ్చానని తనే చెప్పాడు. "నీదేవూరు నాయనా?"

"ఆత్మకూరు."

"అంత దూరం నుంచా. మంచిపని జేసినావు. ఇట్టాంటి మనిషిని జూడాల. జేబులో దుడ్లు తీసి ఊరంతటికీ కోడికూర పెడతన్నాడు."

"ఎందుకంట పెద్దాయనా?"

"మొక్కుబడంట."

"ఎవరిది?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "పెట్టేవోడిది గాక ఇంకెవురిది? వచ్చే ఆదివారం సంఘపెద్దల్ని ఎన్నుకుంటారు గదా. ఈయన నిలబడతన్నాడు. నిలబడేదేంది, అయిపోయినట్టే. ఈ కూర తిన్నోడు ఎవురన్నా ఇంకొకడికి చెయ్యెత్తతాడా?"

చిన్నాయన సాక్ష్యం సాగుతోంది. దేవుడు తనకు చేసిన మేళ్లన్నీ వరసగా చెబుతున్నాడు. షామియానాల వ్యాపారం, పోయిన ఏడు తేలు కుట్టినా బతకడం, వానలు, పెద్ద కూతురి కాన్పు. ప్రతి మేలుకూ ముందు వరస ఆడవాళ్లు "స్తోత్రం" అంటున్నారు. నాయన ఏ మేలులోనూ రాలేదు. నేను ఎదురుచూశాను, తర్వాత ఎదురుచూడటం మాని, మనసులో ఒక మెమో రాయడం మొదలుపెట్టాను. ఆఫీసులో ఒక నెల నేర్చుకున్న విద్య అదొక్కటే. "పైన ఉదహరించిన విషయమునకు సంబంధించి, తమరు ఏ అధికారముతో సదరు మొక్కుబడిని తమ స్వంత పేరున నిర్వహించితిరో మూడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను." ఇది బాగానే వచ్చింది. కింద మూడు ఆరోపణలు, వాటికి ఆధారాలు. ఆధారాల్లో మొదటిది ఫ్లెక్సీ, రెండోది పక్కనున్న పెద్దాయన. ఆయన అప్పటికే కునుకు తీస్తున్నాడు.

అప్పుడు చిన్నాయన నన్ను చూశాడు. మాట మధ్యలో ఆగాడు. ఆయన మొహంలో ఏం కనబడిందని ఇన్నేళ్లలో చాలాసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. భయం కాదు. ఆశ్చర్యం ఉందేమో. ఒక్క రెప్పపాటు. వెంటనే చెయ్యి చాపి, "అదిగో మా అన్న కొడుకు. ఆత్మకూరు నించి వచ్చినాడు. రారా అబ్బోడా, నువ్వొక సాక్ష్యం జెప్పు" అన్నాడు. వందమంది వెనక్కి తిరిగారు. పెద్దాయన కూడా లేచి, ఆత్మకూరువాణ్ణి కొత్తగా చూశాడు.

నేను నడిచి వెళ్లాను. మెమో మొత్తం తలలో సిద్ధంగా ఉంది. చిన్నాయన మైకు నా చేతిలో పెట్టాడు. పట్టుకుని నిలబడలేదు. చేతిలో పెట్టి, రెండడుగులు వెనక్కి వెళ్లాడు. జనంలో చిన్న కలకలం పుట్టింది. అది నాకోసం కాదని, ఆ మైకు చేతులు మారడం వాళ్లెప్పుడూ చూడలేదని తర్వాత తెలిసింది.

"అందరికీ వందనాలు" అన్నాను. నా గొంతు మైకు పెట్టెలోంచి నాకే తిరిగి వచ్చింది. అదీ కొంచెం నాయన గొంతే. నేను అది ఊహించలేదు. మెమోలో మొదటి వాక్యం మర్చిపోయాను. మా నాయన పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా. "ఆయన ఈ సంఘంలోనే బాప్తిస్మం తీసుకున్నాడు. నాకు ఉద్యోగం వస్తే మీకందరికీ అన్నం పెడతానని మొక్కుకున్నాడు. ఉద్యోగం వచ్చింది. ఆయన..." అన్నాను. ఆ తర్వాత చెప్పాల్సింది చాలా ఉంది. ఈ అన్నం ఆయనదని, ఈ ఫ్లెక్సీ అబద్ధమని, చేతులు జోడించిన ఈ మనిషి సంజాయిషీ ఇచ్చుకోవాలని. ఒక్క ముక్క బయటికి రాలేదు. పోయిననాడు రాని ఏడుపు, నలభయ్యో రోజు కూడికలో రాని ఏడుపు, వందమంది ముందు, మైకులో వచ్చింది.

మా సంఘాల్లో ఒక ఆచారం ఉంది. సాక్ష్యం చెప్పే మనిషి గొంతు ఆగిపోతే, అతన్ని అలా నిలబెట్టి చూడరు. ముందు వరసలో ఎవరో ఒక పెద్దామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు, ఆ పాట చాటున మనిషి కళ్లు తుడుచుకుని వెళ్లి కూర్చుంటాడు. దయగల ఆచారమే. కానీ ఆ రోజు మావాళ్లు అన్ని చరణాలూ పాడారు. పాట అయిపోయేసరికి చిన్నాయన నన్ను భుజం చుట్టూ పట్టుకుని ఉన్నాడు, తనూ కళ్లు తుడుచుకుంటున్నాడు, మైకు మళ్లీ ఆయన చేతిలో ఉంది. పాస్టరుగారు "ఆమెన్" అన్నారు. నేను వెనక్కి వచ్చి కూర్చుంటే సీతారామపురం పెద్దాయన నా తొడ మీద చెయ్యి వేసి, "మీ చిన్నాయనంటే ఎంత పేణమబ్బా నీకు" అన్నాడు. సంఘపెద్ద ఎన్నికకు ఏమైనా తక్కువైవుంటే అది నేను పూడ్చాను.

భోజనాలయ్యాక (నేనూ తిన్నాను, రెండోసారి కూర కూడా వేయించుకున్నాను, కోపంలో నాకు ఆకలెక్కువ) చర్చి వెనక వంటల దగ్గరికి వెళ్లాను. చిన్నాయన బోర్లించిన గుండిగ మీద కూర్చుని, అందరూ తిన్నాక మిగిలింది తింటున్నాడు.

"కూర్చో. తిన్నావా?"

"తిన్నా. నాయన పేరు ఎందుకు చెప్పలా చిన్నాయనా?"

ఆయన ముద్ద కలుపుతూనే అన్నాడు: "ఎట్ట చెప్పమంటావురా? చచ్చిపోయినోళ్ల పేరుమీద అన్నం పెడితే దాన్ని దినం అంటారు. మనకుండాదా దినం? పాస్టరయ్య ఇదేందని అడిగితే నేనేం జెప్పాల?"

"నలభయ్యో రోజు కూడిక పెట్టుకోలేదా? అన్నం పెట్టలేదా?"

"అది జ్ఞాపకార్థం. ఇది మొక్కుబడి. రెండూ ఒకటేనా?"

నేను బైబిలూ చదివాను, ఇతర గ్రంథాలూ చదివాను. ఈ తేడా ఎక్కడా చదవలేదు. "పాస్టరయ్య ఒప్పుకోనన్నాడా?"

"అననిస్తే గదా. అనకముందే నేను సర్దినా."

"ఫ్లెక్సీ?"

"ఫోటో లేకపోతే ఎవురూ చూడరన్నాడు, కొట్టేవోడు."

"నాయన ఫోటో లేదా నీ దగ్గర?"

చిన్నాయన చెంబెత్తి నీళ్లు తాగాడు. "వచ్చే ఆదివారం ఎన్నికంట గదా" అన్నాను.

"అదెప్పుడో ఒకప్పుడు రావాల గదా. వచ్చింది." చెయ్యి కడుక్కుని నా ఎదురుగా నిలబడ్డాడు. "నాకు ఇస్తన్నట్టే అనుకో అంటివి. ఎట్ట జరిపించినా నీ ఇష్టమంటివి. నువ్వు అనలా? నాకిచ్చిన దుడ్లతో నేను పెట్టినా. ఇందులో అబద్ధం యాడుండాది చెప్పు. ఊరు తినిందా లేదా? మొక్కు తీరిందా లేదా? మీ నాయనుంటే ఇట్ట నిలబెట్టి అడిగుంటాడా నన్ను?"

అడిగి ఉండేవాడు కాదు. అది మాత్రం నిజం. అటెండరుగా ముప్ఫై ఏళ్లు నిలబడినవాడు, ఎవర్నీ నిలబెట్టి ఏదీ అడగలేదు. నేను మెమోను అక్కడే ముగించాను. బస్సెక్కేముందు చిన్నాయన ఒక స్టీలు క్యారియరు తెచ్చిచ్చాడు. "వదినకియ్యి. కూరలో నీళ్లు పోసి పలచన జేసినారు, నేను జెప్పినా ఇనలా వంటోళ్లు. మొత్తుకున్నానని చెప్పు."

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం. అమ్మ క్యారియరు మూత తీసి, వేలితో రుచి చూసి, "ఉప్పు లేదు" అంది. తర్వాత మూత పెట్టి అడిగింది. "మీ నాయన పేరు చెప్పినారా?"

"చెప్పినారు."

"ఎవురు?"

అబద్ధం చెబుదామని బస్సులోనే అనుకున్నాను. ఆమె మొహం చూశాక చెప్పలేకపోయాను. "నేనే."

"మీ చిన్నాయన?"

"ఆయన మైకిచ్చినాడు."

"చేతికా?"

"చేతికే."

అమ్మ క్యారియరు పక్కన కూర్చుంది. "చేతికిచ్చినాడా" అని తనలో తను అనుకుంది. "అయితే వాడి మనసులోనూ ఏదో ఉండే ఉంటాది. అందరూ కడుపునిండా తిన్నారా?"

"తిన్నారు. నేను రెండుసార్లు తిన్నా."

"అయితే తీరిపోయింది. ఇంక వాణ్ణేం అడగబాక." లేచి ఉప్పు డబ్బా తెచ్చుకుంది.

చిన్నాయన సంఘపెద్ద అయ్యాడు, ఇప్పటికీ ఆయనే. అడపాదడపా ఫోన్ చేస్తాడు, చర్చికి సున్నమనో, జనరేటరు బాగుచేయించాలనో. నేను ఏదో ఒకటి పంపుతాను. ఎట్ట జరిపించినా నీ ఇష్టమని మాత్రం అనను. అదొక్కటి నేర్చుకున్నాను. సున్నం వేశారా లేదా అని చూడటానికి వెళ్లను. అంటే ఏమీ నేర్చుకోలేదనే అనుకోవచ్చు.

అప్పటి పాస్టరుగారు ఇప్పుడు సంగం దగ్గర పనిచేస్తున్నారు. ఆయన నంబరు నా ఫోన్లో ఉంది. "అయ్యగారూ, పోయినవాళ్ల పేరున మొక్కుబడి విందు పెడతామంటే మీరు వద్దనేవారా?" అని అడగడానికి ఒక నిమిషం చాలు. వద్దనేవాణ్ణి కాదంటే, చిన్నాయన నా నాయన అన్నాన్ని ఎన్నికకు వాడుకున్నాడని తేలుతుంది. వద్దనేవాణ్ణంటే, ఆ మనిషిని ఇన్నేళ్లు తప్పుగా అనుకున్నానని నేను వెళ్లి కాళ్లు పట్టుకోవాలి. ఏడేళ్లుగా ఆ నిమిషం దొరకలేదు.

ఆ ఇరవై ఆరేళ్ల జూనియర్ అసిస్టెంటు ఈ సంగతి వింటే నాకు మెమో ఇస్తాడు, సందేహం లేదు. మూడు దినాల గడువు కూడా ఇస్తాడు. ఇవ్వనీ. వాడికి ఇంట్లో అమ్మ ఉంది. పోయిన ఏడు అమ్మ కూడా పోయింది. ఇప్పుడు మా నాయనను తలుచుకుని "మా అన్న" అనే మనిషి భూమ్మీద ఒక్కడే మిగిలాడు. ఆయన ఫోన్ చేసి జనరేటరు సంగతి చెబుతుంటే నేను సాధారణంగా జనరేటరు సంగతి వినను. ఆ గొంతు వింటాను. ఆయన చెప్పడం అయిపోయాక, "మళ్లీ ఒకసారి చెప్పు చిన్నాయనా, సరిగా వినబళ్లా" అంటాను. తన మైకులాగే నా ఫోనూ బాగాలేదని ఆయన అనుకుంటాడు.